చెక్కు వెనక ఒకటిన్నర అంగుళం: ఇన్సూరెన్స్ చెక్కుతో నా అనుభవం

జూన్ 16న మా మెయిల్‌బాక్సులోకి వచ్చిన 9,330 డాలర్ల చెక్కు పూర్తిగా మా చేతికి అందేసరికి జులై 31 అయింది. నలభై ఐదు రోజులు. అందులో పదిహేడు రోజులు చెక్కు వెనక మేం రాసిన రాతల వల్లే పోయాయి. చెక్కు వెనక ఎక్కడ సంతకం పెట్టాలి, ఏం రాయకూడదు, ఎవరు ముందు పెట్టాలి అన్నది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఆ రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. మే ఆఖరి వారంలో ఒక సాయంత్రం నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. పడింది పది నిమిషాలే. అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెల అయింది. ఆ చప్పుడుకి అత్తయ్యగారు దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. తెల్లారేసరికి రూఫర్లు, అంటే ఇంటి కప్పులు వేసేవాళ్లు, తలుపు తట్టడం మొదలైంది. పై గదిలో సీలింగ్ మీద అరచేయంత తడి మచ్చ కనిపించింది. 350 డాలర్లు ఇచ్చి కప్పు మీద నీలం టార్పాలిన్ వేయించాం. ఆ రసీదు దాచిపెట్టండి, మాకు తర్వాత క్లెయిమ్‌లో తిరిగి వచ్చింది.

జూన్ 5న ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కకట్టే అడ్జస్టర్ వచ్చి నిచ్చెన వేసుకుని కప్పంతా ఫొటోలు తీసుకున్నాడు. మొత్తం ఖర్చు 18,640 డాలర్లని లెక్క కట్టారు. ఇంటికి ఇన్సూరెన్స్ 4,10,000 డాలర్లకి ఉంది, వడగళ్లకి మా డిడక్టబుల్ (నష్టంలో మేమే భరించాల్సిన వాటా) అందులో ఒక శాతం, అంటే 4,100. కప్పు పాతబడిందని తరుగుదల కింద 5,210 పట్టుకుని, పని పూర్తయ్యాక ఇస్తామన్నారు. మిగిలింది 9,330. డిడక్టబుల్ మేమే కట్టుకుంటాం, మీరు కట్టక్కర్లేదని ఒక రూఫర్ అన్నాడు. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి అది చట్టవిరుద్ధం. అతన్ని అక్కడితో వదిలేశాం.

చెక్కు వచ్చిన రోజు సోమవారం. దాని మీద మావారి పేరు, తర్వాత "అండ్" అని నా పేరు, మళ్లీ "అండ్" అని మా ఇంటి అప్పు చూసే మార్ట్‌గేజ్ కంపెనీ పేరు రెండు లైన్ల పొడుగున ఉన్నాయి. మేం చూసింది మా పేర్లూ, అంకే. ఆ మూడో పేరు ఇంటి చిరునామాలాగా ఏదో వివరం అనుకుని వదిలేశాం. నా పేరులో కూడా తప్పుంది. పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు, పాస్‌పోర్టులో, డ్రైవింగ్ లైసెన్సులో మా నాన్నగారి ఇంటిపేరే ఉంది. పాలసీ రాసినప్పుడు ఏజెంటు మావారి ఇంటిపేరు తగిలించాడు. నాలుగేళ్లుగా అది అలాగే ఉన్నా ఎవరికీ అవసరం రాలేదు.

ఆ రాత్రి వంటింట్లో బల్ల మీద చెక్కు తిరగేసి మావారు పెద్దగా సంతకం పెట్టారు. దాని కింద నేను పెట్టాను. యాప్‌లో వేయాలంటే "ఫర్ మొబైల్ డిపాజిట్ ఓన్లీ" అని బ్యాంకు పేరుతో సహా రాయాలి కాబట్టి అదీ రాశాం. ఆ కింద నేను అకౌంటు నంబరు, ఫోన్ నంబరు రాశాను. ఇండియాలో చెక్కు డ్రాప్‌బాక్సులో వేసేముందు వెనకాల ఆ రెండూ రాయడం మనకి అలవాటే కదా, చెయ్యి దానంతట అది రాసేసింది. ఫొటో తీశాం, యాప్ "అందింది" అంది. నిద్ర కూడా బాగా పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఈమెయిల్. డిపాజిట్ తిరస్కరించాం, ఎండార్స్‌మెంట్ (చెక్కు వెనక పెట్టే సంతకం) సరిగా లేదు, బ్రాంచికి రండి. అంతే, ఇంకో ముక్క లేదు.

బుధవారం, 18న, ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లాను. మామయ్యగారు కూడా వస్తానన్నారు. ఆయన తెనాలిలో ఒక బ్యాంకులో ముప్పై ఏళ్లు క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కౌంటర్లో ఉన్నావిడ ఓపికమంతురాలు. చెక్కు తిరగేసి నిలువుగా పెట్టి, డ్రాయర్లోంచి స్కేలు తీసి పై అంచు మీద ఆనించింది. పై నుంచి ఒకటిన్నర అంగుళం దగ్గర సన్నటి గీత, ఆ గీత మీద "ఈ గీత కింద రాయకూడదు, ముద్ర వేయకూడదు, సంతకం చేయకూడదు" అని చీమ తలకాయంత అక్షరాలు. నేను అది గీత అనుకోనేలేదు, డిజైన్ అనుకున్నాను. మావారి సంతకం తోక, నా సంతకం సగం, నా ఫోన్ నంబరు మొత్తం ఆ గీత కిందే ఉన్నాయి.

గీత పైన ఉన్న ఒకటిన్నర అంగుళం మాత్రమే మనది, కిందదంతా బ్యాంకులదని ఆవిడ చెప్పింది. చెక్కు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి వెళ్లేటప్పుడు డిపాజిట్ తీసుకున్న బ్యాంకు ఎవరు, తేదీ ఏంటి అన్నది అక్కడే పడాలి. చెక్కు వెనక్కి వస్తే ఎవరికి పంపాలో ఆ ముద్ర చూసే తెలుస్తుంది. మన రాతలు దాని మీద పడితే చదవడం కుదరదు. 1988 సెప్టెంబరులో ఫెడరల్ రిజర్వ్ వాళ్ల రెగ్యులేషన్ సీసీ అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. మామయ్యగారు వింటూ తల ఊపుతున్నారు. "మన దగ్గర ముద్ర పడేది నా చేత్తోనేనమ్మా, ఎవరన్నా అడ్డంగా రాస్తే నాకూ ఒళ్లు మండేది" అన్నారు.

గీత దాటడం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లమేమో అంది ఆవిడ. అసలు చిక్కులు రెండు. ఒకటి, ఆ మూడో పేరు. పేర్ల మధ్య "ఆర్" ఉంటే ఒకరు పెడితే చాలు, "అండ్" ఉంటే అందరూ పెట్టాలి. మార్ట్‌గేజ్ కంపెనీ సంతకం లేకుండా ఏ బ్యాంకూ తీసుకోదు. ఇంటి మీద అప్పు ఉన్నంతకాలం ఇంటి నష్టపరిహారంలో వాళ్లకీ హక్కు ఉంటుందట. రెండోది, మేం రాసిన మొబైల్ డిపాజిట్ మాట. అలా రాశాక ఆ చెక్కు ఆ బ్యాంకులో, ఫోన్ ద్వారా తప్ప ఇంకెక్కడా చెల్లదని మన చేత్తో మనమే కట్టుదిట్టం చేసినట్టు. 2018 జులై 1 నుంచి నిబంధన మారింది. ఫోన్‌లో వేసిన చెక్కు కాగితాన్నే మళ్లీ ఇంకో బ్యాంకులో వేస్తే, ఆ నష్టం ఫోన్‌లో తీసుకున్న బ్యాంకు మీద పడుతుంది. వెనక అలాంటి మాట రాసి ఉంటే ఆ బ్యాంకుకి రక్షణ. అందుకే చాలా యాప్‌లు ఆ మాట రాయమని పట్టుబడుతున్నాయి. మా చెక్కు ఇప్పుడు మార్ట్‌గేజ్ కంపెనీకి పంపినా వాళ్లు ముట్టుకోరు. కొట్టేసి మళ్లీ రాస్తామంటే, కొట్టివేతలున్న ఎండార్స్‌మెంట్ అసలే కుదరదంది.

కారులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. వారం రోజుల్లో వాన అని ఫోన్ చెబుతోంది. మామయ్యగారు చెక్కు కవరు ఒళ్లో పెట్టుకుని, "కొత్త చెక్కు ఇస్తారులేమ్మా, కాగితమే కదా" అన్నారు.

మర్నాడు 19, జూన్‌టీన్త్ సెలవు. 20న ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. చెక్కు ముందు వైపు "వాయిడ్" అని పెద్దగా రాసి ఫొటో పంపమన్నారు, స్టాప్ పేమెంట్ పెట్టి కొత్తది పది పనిదినాల్లో పంపుతామన్నారు. కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం, త్వరగా పంపండని బతిమాలాను. చెక్కులు ఇంకో ఊళ్లో ప్రింటవుతాయి, మామూలు పోస్టులోనే వస్తాయన్నారు. పేరు కూడా సరిచేయమని అడిగితే ఫోన్లో ఉన్నావిడ "దానికి ఎండార్స్‌మెంట్ కావాలి, నాలుగైదు వారాలు పడుతుంది" అంది. చెక్కు మీద సంతకానికి నాలుగైదు వారాలేంటని నేను, పాలసీలో మార్పు గురించి ఆవిడ, ఒకరిది ఒకరికి అర్థం కాకుండా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇన్సూరెన్సులో పాలసీ మార్పుని కూడా ఎండార్స్‌మెంట్ అనే అంటారట. ఈ సంగతి ముందే తెలిస్తే మీకు ఆ పది నిమిషాల టెన్షన్ తప్పుతుంది. లైసెన్సు కాపీ పంపి పేరు మార్పు మొదలుపెట్టించాను, కానీ ఈ చెక్కు మాత్రం పాత పేరుతోనే వస్తుందన్నారు. మళ్లీ బ్యాంకు కౌంటర్లో ఉన్న ఆ టెల్లర్‌కి ఫోన్ చేశాను. పరవాలేదు, ముందు చెక్కు మీద ఉన్నట్టు సంతకం చేసి, దాని కింద మీ అసలు పేరుతో ఇంకోసారి చేయండి, బ్యాంకు రెండూ అడగొచ్చు అంది.

ఆ మధ్యలో రెండుసార్లు వాన పడింది. టార్పాలిన్ అంచు లేచి కొట్టుకుంటుంటే రాత్రంతా ఎవరో కప్పు మీద దుప్పటి దులుపుతున్నట్టు చప్పుడు. పై గదిలో గిన్నె పెట్టాం. మచ్చ అరచేయి నుంచి పళ్లెమంత అయింది.

కొత్త చెక్కు జులై 3న వచ్చింది. ఈసారి పెన్ను ముట్టుకోకుండా మార్ట్‌గేజ్ కంపెనీకి ఫోన్ చేశాను. నలభై ఏడు నిమిషాలు లైన్లో ఉన్నాక ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల విభాగం దొరికింది. మామూలు కస్టమర్ కేర్ వాళ్లకి ఈ విషయం అసలు తెలియదు, "లాస్ డ్రాఫ్ట్" విభాగం కావాలని మొదటే అడగండి. అప్పు వాయిదాలు సక్రమంగా కడుతున్నారు, క్లెయిమ్ 20 వేల డాలర్ల లోపే, కాబట్టి మేం సంతకం చేసి చెక్కు మీకే పంపేస్తాం అన్నారు. ఈ హద్దు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అది దాటితే డబ్బు వాళ్ల దగ్గరే పెట్టుకుని, ఇన్‌స్పెక్షన్ చేసుకుంటూ విడతలుగా ఇస్తారు. మా వీధి చివర ఒకళ్లకి అలాగే మూడు ముక్కలుగా వచ్చింది. మాకు ఆ బాధ తప్పినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

వాళ్లు అడిగినవి: మా ఇద్దరి సంతకాలు ముందే ఉండాలి, వాళ్ల ముద్రకి చోటు వదలాలి, అడ్జస్టర్ రిపోర్టు, రూఫర్ ఒప్పందం కాపీ, వాళ్ల ఫారం ఒకటి. లోన్ నంబరు చెక్కు వెనక రాయకండి, ఫారం మీద రాయండి అని రెండుసార్లు చెప్పారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సంతకాల పని. చెక్కు వెడల్పు మూడున్నర అంగుళాలు, మనకిచ్చిన ఎత్తు ఒకటిన్నర. ఆ అగ్గిపెట్టెంత చోట్లో మావారి సంతకం, నావి రెండు, ఆ పైన ఎంత పెద్దదో తెలియని ఒక కంపెనీ ముద్ర పట్టాలి. మామయ్యగారు తెల్లకాగితం మీద స్కేలుతో అదే కొలతకి గళ్లు గీసిచ్చారు. "ముద్రలో నాలుగు లైన్లుంటాయి, ముప్పావు అంగుళం కావాలి. మీ ముగ్గురు సంతకాలూ మిగిలిన ముప్పావులో" అని లెక్క చెప్పారు. నావి రెండూ కలిపి ముగ్గురన్నమాట. మావారి సంతకం ఎప్పుడూ చెయ్యి చాచినట్టు ఉంటుంది, దాన్ని కుదించడానికి ఆయన ఆరేడు గళ్లు పాడుచేశారు. నాకు మాత్రం ఆ పరాయి ఇంటిపేరుతో సంతకం పెట్టడం కష్టమనిపించింది. నా చేతికి ఆ అక్షరాలు అలవాటు లేవు. ఎవరి సంతకమో ఫోర్జరీ చేస్తున్నట్టు వేళ్లు బిగుసుకున్నాయి. దాని కింద నా పేరు రాసేటప్పుడు చెయ్యి దానంతట అది కదిలింది. సన్న మొన ఉన్న నల్ల బాల్‌పెన్ వాడాం. జెల్ పెన్నయితే ఆరకముందే అంటుకుంటుందని మామయ్యగారు పెట్టుకోనివ్వలేదు.

జులై 7, సోమవారం కొరియర్‌లో పంపాను. 38 డాలర్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ఫారం మీద ఉన్న చిరునామా పీవో బాక్సు, దానికి ప్రైవేటు కొరియర్లు డెలివరీ చేయరు. ఓవర్‌నైట్ పంపడానికి వేరే వీధి చిరునామా ఉంటుంది, అడిగితేనే చెబుతారు. పంపేముందు చెక్కు రెండు వైపులా ఫొటో తీసుకున్నాను. 8న అందినట్టు కొరియర్ చూపించింది, వాళ్ల సిస్టంలో మాత్రం 11న కనిపించింది. ఆ మూడు రోజులు చెక్కు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రోజుకి రెండుసార్లు ఫోన్ చేశాను. అదే వారంలో రూఫర్ కప్పు మీద పరిచే షింగుల్స్ ఆర్డర్ పెట్టాలని అడ్వాన్సు అడిగితే 3,000 డాలర్లు క్రెడిట్ కార్డు మీద ఇచ్చాం. కార్డుకి మూడు శాతం చార్జీ, 90 డాలర్లు. మొదటి చెక్కు పాడవకపోయి ఉంటే ఆ 90 మిగిలేవి.

సంతకం చేసి 17న పంపామన్నారు, మామూలు పోస్టులో. పోస్టాఫీసు వాళ్ల ఇన్‌ఫర్మ్‌డ్ డెలివరీలో పేరు పెట్టుకుంటే ఆ రోజు రాబోయే కవర్ల ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్‌లో వస్తాయి, డబ్బులేం లేవు. 21న ఆ కవరు ఫొటో చూసి, పోస్టు వచ్చేదాకా ఇంట్లోంచే పనిచేశాను. తెరిచి చూస్తే మా సంతకాల కింద నీలం ముద్ర. నాలుగు లైన్లే. చివరి లైను అడుగు సరిగ్గా గీతని తాకుతోంది. మామయ్యగారు వెలుతురులో పెట్టి చూసి, "తాకింది, దాటలేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు మావారూ నేనూ ఇద్దరం లైసెన్సులు పట్టుకుని వెళ్లాం. ముగ్గురి పేర్లున్న చెక్కుని మా బ్యాంకు యాప్‌లో తీసుకోదు, ఏటీఎంలో వేయొద్దన్నారు. అదే టెల్లర్. స్కేలు తీయలేదు, చూసి నవ్వింది. "ఎవరో లెక్క తెలిసినవాళ్లు చేసినట్టున్నారు" అంది.

డబ్బు వెంటనే రాదని అప్పుడు తెలిసింది. పెద్ద చెక్కయితే కొంత ఆపుతారు. ఈ హద్దు అంతకుముందు 5,525 డాలర్లు ఉండేదట, 2025 జులై 1 నుంచి 6,725 అయింది. 23న మొదటి 275, 24న 6,450, మిగిలిన 2,605 కోసం 31 దాకా ఆగాలి. తేదీలు రాసిన కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం ప్రకారం ఒక్కరోజు తేడా లేకుండా పడ్డాయి.

ఆగస్టు 5న తెల్లారి ఏడింటికి ఎనిమిది మంది వచ్చి పాత కప్పంతా పీకి, 6న సాయంత్రానికి కొత్తది వేసేశారు. అయస్కాంతం ఉన్న బండి తోస్తూ పచ్చికలో పడ్డ మేకులు కూడా ఏరారు. ఆ రోజు 10,430 ఇచ్చాం. తుది బిల్లు, మా డిడక్టబుల్ మేమే కట్టినట్టు రసీదులు ఇన్సూరెన్సుకి పంపాం. అత్తయ్యగారు, మామయ్యగారు 14న ఇండియా వెళ్లిపోయారు. వెళ్లేముందు మామయ్యగారు గళ్ల కాగితాలు రెండు గీసి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి వెళ్లారు.

తరుగుదల చెక్కు, 5,210, ఆగస్టు 25న వచ్చింది. మళ్లీ మూడు పేర్లు, కానీ ఈసారి నా పేరు పక్కన మా నాన్నగారి ఇంటిపేరు. వంటింట్లో నిలబడే రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క సంతకం పెట్టాను, ఎంత చోటు మిగిలిందో. 26న పంపితే మధ్యలో లేబర్ డే వచ్చినా సెప్టెంబరు 5కల్లా ముద్రతో తిరిగొచ్చింది. పది రోజులు లెక్కన వేసుకోండి. ఆ రాత్రి వీడియో కాల్‌లో మామయ్యగారికి చెక్కు వెనక వైపు చూపించాను. తెనాలిలో అప్పటికి తెల్లారింది, కళ్లజోడు వెతుక్కుని వచ్చారు.

"గీతకీ ముద్రకీ ఎంత ఉందమ్మా?"

"పావు అంగుళం ఉంది మామయ్యగారూ."

"కాస్త దగ్గరగా పెట్టు."

8న బ్యాంకులో వేశాం. 6,725 లోపే కాబట్టి ఏమీ ఆపలేదు, 10 కల్లా డబ్బు పడింది. రూఫర్ అదే సాయంత్రం వచ్చి మా చెక్కు తీసుకుని, మూడు నెలలుగా ముందు పచ్చికలో గుచ్చి ఉన్న తన బోర్డు పీక్కుని వెళ్లాడు.